ఎంకమ్మ నడుం బెల్టు

కర్దనూర్ దగ్గర సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే ఎంకమ్మకు ఏళ్ల తరబడి నడుం నొప్పి. సంగారెడ్డిలో ఒక ఆస్పత్రివాళ్లు నడుం నొప్పికి కొత్త బెల్టును పరీక్షిస్తున్నారని తెలిసి పేరిచ్చింది.

అయస్కాంత తరంగాలు పంపే బెల్టు అది. పొద్దున, సాయంత్రం అరగంట కట్టుకోవాలి.

"కొన్ని బెల్టుల్లో తరంగాలు వస్తాయి, కొన్నిట్లో రావు. మీది ఏదో నాకూ తెలియదు. ఇంట్లో ఇంకెవరూ కట్టుకోవద్దు," అంది డాక్టర్ నిషిత.

"ఎవ్వరికియ్య మేడం," అని మాటిచ్చింది ఎంకమ్మ.

గోదాంలో మూటలు మోసే ఆమె భర్త ఓదెలు మొదట్లో నవ్వాడు. "గిదేం తాయత్తు?" అన్నాడు. కొన్నాళ్లకు ఆమె నొప్పి లేకుండా వంగి ఇల్లు ఊడ్వడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

దీపావళి దాటాక ఒకరోజు కంపెనీలో మిషన్ పాడై, ఎంకమ్మ తొందరగా ఇంటికి వచ్చింది. ఓదెలు బెల్టు కట్టుకుని మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"పనిజేస్తదా లేదా అని జెర చూస్తున్న."

"ఎప్పటి సంది చూస్తున్నవ్?"

"దసరా సంది."

ఎంకమ్మకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చెబితే బెల్టు వెనక్కి తీసుకుంటారేమోనని భయపడింది. అయినా మాటిచ్చింది కదా. మర్నాడే అతన్ని వెంటబెట్టుకుని పోయింది.

"ఈయన నా బెల్టు పెట్టుకున్నడు మేడం. మీ పరీక్ష పాడు కావొద్దని చెప్తున్న."

ఓదెలు తల దించుకున్నాడు. "మూటలు మోసి మోసి నాకు గూడ నడుం పట్టేస్తది మేడం. ఇంట్ల చెప్పలే."

ఎంకమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ నొప్పి అన్నవాడు కాదు.

"చెప్పి మంచి పని చేశారు. బెల్టు మీ దగ్గరే ఉంచుకోండి," అంది డాక్టర్. ఓదెలును పరీక్షించి, తర్వాతి బ్యాచ్‌కు పేరు రాసుకుంది.

ఎంకమ్మ వంతు ముగిసిన రోజే ఓదెలుకు బెల్టు ఇచ్చారు. ఎవరిది అసలుదో అందరి పరీక్షలూ అయ్యాకే చెబుతామన్నారు.

"ఏదైతేంది మేడం, నేనైతే వంగుతున్న," అంది ఎంకమ్మ.

తిరుగు బస్సులో ఓదెలు బెల్టు డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ నొప్పి నాకెందుకు చెప్పలే?"

"నీది నీకు సాలదా?"

"ఇగ చెప్పు. ఎప్పుడు మొదలైంది?"

పటాన్‌చెరు వచ్చేదాకా అతను చెబుతూనే ఉన్నాడు. నొప్పిని ఎట్లా దాచాడో చెబుతుంటే ఎంకమ్మ మధ్యమధ్యలో నవ్వుతూ విన్నది.