తలనూనె మరక

నెత్తురు కడగడంలో నన్ను మించినవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో లేరు. గొప్పలు కాదు, నిజం. వేడినీళ్ళు పోస్తే నెత్తురు గచ్చుకి పట్టేస్తుంది, చన్నీళ్ళే పొయ్యాలి. ఈ సంగతి కంపెనీవాళ్ళు ట్రైనింగులో చెప్పకముందే, చేపలు కోసే మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో హత్య జరిగితే, పోలీసులు పని ముగించుకుని తాళం ఇచ్చాక, ఆ ఇంట్లో మళ్ళీ మనుషులుండేలా చేసేది మేమే. ఆఫీసు విజయనగరంలో. ఆరేళ్ళుగా నా పని అదే.

ఏడాది కిందట జగదీశ్వరి చేరింది. శృంగవరపుకోట పిల్ల, సంగీతం పంతులుగారి కూతురు. చీపురు పట్టదు. ఇంటివాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ బాధ వినడం దాని ఉద్యోగం. నేను మాస్కులో ఉడికిపోతూ మోకాళ్ళమీద తోముతుంటే, అది అరుగుమీద ఎవరి చెయ్యో పట్టుకుని ఉంటుంది. తీరా వెళ్ళేటప్పుడు దణ్ణాలన్నీ దానికే. "సల్లగుండు తల్లీ" అని దాన్ని దీవిస్తారు. నాతో అనేది, "ఆ బకెట్టు పక్కన పెట్టీ" అని. పాతపట్నంలో ఒకావిడ దానికి జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. జగదీశ్వరి అందులో సగం నాకే పెట్టింది, తిన్నాను కూడా. అయినా మంట తగ్గలేదు.

మొన్న సముద్రం ఒడ్డు పల్లెలో పని పడింది. చేపలమ్మే లక్ష్మణమ్మని మరిది కత్తితో పొడిచి చంపేశాడు. భర్త ఎర్రన్న అప్పుడు వేటలో ఉన్నాడు. ఒడ్డుకొచ్చి తొమ్మిది రోజులైనా ఒక్క మాట మాట్లాడలేదట, ఎవరి మొహమూ చూడలేదట. పోలీసులడిగినా దించిన తల ఎత్తలేదట.

ఈసారి నాదే పైచెయ్యి అనుకున్నాను. వాళ్ళు మావాళ్ళు. మా పల్లెకీ వాళ్ళ పల్లెకీ మధ్య ఒక్క ఏరే అడ్డం. "మావా, నాను ఏటి అవతల మరిడమ్మని" అని పలకరించాను. ఎర్రన్న కళ్ళెత్తలేదు. జగదీశ్వరి వెళ్ళి ఇసకలో ఆయన పక్కన ఊరికే చతికిలబడింది. గంట తర్వాత చూస్తే, ఆయన దాని చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటున్నాడు. వలకీ గాలానికీ తేడా తెలీని పిల్ల చేతి టీ!

మాకో పద్ధతుంది. పని మొదలుపెట్టేముందు జగదీశ్వరి ఇంటివాళ్ళని అడిగి, మేం ముట్టుకోకూడనివాటి చుట్టూ సుద్దతో గీత గీస్తుంది. పోయినవాళ్ళ చెప్పులో, దువ్వెనో. ఆ రోజు గోడమీద గీసింది. లక్ష్మణమ్మ రోజూ చేపలమ్మి వచ్చి అక్కడే తల ఆనించి కూర్చునేదట. అరచేతంత తలనూనె మరక, నల్లగా జిడ్డోడుతూ ఉంది.

"అక్కా, ఇది మాత్రం ఉంచీ. ఎర్రన్న గారి అక్క కూర్మమ్మ సెప్పింది" అంది.

"నాకు నువ్వు సెప్తావేటి? ఆరేళ్ళబట్టి సేస్తన్నాను."

"నీ పనికి వంక పెట్టడం కాదక్కా..."

దాని మొహానే తలుపు వేసేశాను.

మధ్యాహ్నానికి నెత్తురంతా వదిలింది. గచ్చు మెరిసింది. ఆ మరకొక్కటే కళ్ళలో పడుతోంది. అది జగదీశ్వరి మరకలా కనిపించింది నాకు. ఇల్లంతా నేను కడిగితే, చివరికి అందరూ చూసేది ఆ పిల్ల గీసిన గీతనా? ఎర్రన్న లోపలికి రావాలి, శుభ్రమైన ఇల్లు చూడాలి, నావైపు తిరిగి ఒక్కసారి చూడాలి. అంతకంటే ఏమీ అడగలేదు నేను. సోడా వేసి, బ్రష్షు పట్టి, సున్నం పొర లేచేదాకా గీతతో సహా తోమేశాను.

ఎర్రన్న వచ్చాడు. గచ్చు వైపు చూడనేలేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్ళి తడిమాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు, కిందకి వంగి మళ్ళీ తడిమాడు.

"ఏదీ?" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట. "మా లచ్చనమ్మ తల ఆనించినకాడ... ఏదీ?"

వెనకే వచ్చిన జగదీశ్వరి తడిగోడని చూసింది, నన్ను చూసింది.

"తప్పు నాది మావయ్యా. గీత గియ్యడం మరిసిపోనాను" అంది.

గుమ్మంలో ఉన్న కూర్మమ్మ కళ్ళొత్తుకుంటూ వచ్చి దాని తల నిమిరింది. "పోనీ తల్లీ. కావాలని సేసినావేటి?"

నన్ను కాపాడింది ఆ పిల్ల. వేరే మనిషైతే లోపల్లోపల దణ్ణం పెట్టుకునేది. నాకు మాత్రం కుళ్ళు పొంగుకొచ్చింది. చివరికి నా తప్పు కూడా దానికే కావాలా? ఆ తప్పుకి దొరికిన ఓదార్పు కూడా దానికేనా?

"కాదు!" అని అరిచాను. "గీత గీసింది. ఉంచీమని సెప్పింది. నానే తోమీసినాను."

ఎర్రన్న గోడమీంచి చెయ్యి తీశాడు. నావైపు తిరిగాడు. తల పూర్తిగా ఎత్తి, రెప్ప వెయ్యకుండా చూశాడు. పొద్దుట్నుంచీ ఆ చూపు కోసమే చచ్చాను. ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేకపోయాను.