మెరిసే కత్తులు

మల్లన్న కత్తిని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. పెట్టగానే దాని మీద తన వేలిముద్ర కనిపించింది. మళ్ళీ తుడిచాడు. దోహాలోని ఆ ఎగ్జిబిషన్ హాల్లో ఏసీ చలికి పక్క స్టాళ్ళవాళ్ళు కోట్లకు బొత్తాలు పెట్టుకుంటున్నారు. అతని అరచేతులకు మాత్రం చెమట ఆగడం లేదు.

పొద్దున ఊరి నుంచి భార్య నర్సవ్వ ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల దుకాణం పెడ్తున్నవట గదా. గా పెద్దోళ్ళ ముంగట నెత్తి గోక్కోకు," అంది. అప్పటి నుంచి అతని చేయి తల వైపే పోతోంది.

స్టాలు హమీదుద్దీన్‌ది. కరీంనగర్ నుంచి వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు పెట్టుకుని, హోటళ్ళకు స్టీలు సింకులు, వంటబల్లలు చేయిస్తాడు. మల్లన్న వారమంతా అతని దగ్గర వెల్డింగ్ చేస్తాడు. శుక్రవారం మాత్రం షెడ్డు మూలన తాను కట్టుకున్న గ్యాసు కొలిమి ముందు కూర్చుని, పాత లారీల కమాన్ పట్టీలతో కత్తులు చేస్తాడు. చిన్నప్పుడు నాన్న దగ్గర నేర్చిన పని. ఉత్తరాన అల్ రువైస్‌లో పడవల మీద చేపలు కోసేవాళ్ళు ఆ కత్తులే వాడతారు.

ఇప్పుడు ఆ మూల హమీదుద్దీన్‌కు కావాలి. రేకు వంచే కొత్త మిషన్ వస్తోంది. "ఎగ్జిబిషన్‌ల హోటలోడో వంటలోడో ఒక్కడన్న ఆర్డర్ ఇచ్చిండనుకో, నీ కొలిమి ఆడనే ఉంటది. ఇయ్యకుంటే తీసెయ్యాలె మల్లన్నా. దిల్‌కు తీసుకోకు," అన్నాడు. అని, తన స్టాల్లో సగం బల్ల ఇచ్చాడు.

అల్ రువైస్‌లో మల్లన్నకు భయం తెలియదు. అక్కడ కత్తిని ఎవరూ చూడరు. తీసుకుని చేపను కోస్తారు, అంతే. ఇక్కడ అన్నిటికంటే ముందు చూడడమే. కత్తి మీద పడిన చూపు అక్కడ ఆగదు, వెనక నిలబడ్డ మనిషి చొక్కా మీదికి, గోళ్ళలోని మసి మీదికి జరుగుతుంది. కనీసం అతనికి అలా అనిపిస్తోంది. అనిపించడమూ జరగడమూ వేరని తెలుసు. తెలిసినా చెమట ఆగలేదు.

నిన్న బల్ల సర్దడానికి వచ్చినప్పుడు ఎదుటి స్టాల్లో విదేశీ కత్తులు చూశాడు. అద్దాల్లా ఉన్నాయి. తనవి నల్లగా, సుత్తి దెబ్బల మచ్చలతో, గడ్డం గీసుకోకుండా పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా అనిపించాయి. షెడ్డుకు తిరిగి వెళ్ళి, సింకులకు మెరుగుపెట్టే పెద్ద చక్రానికి వాటిని ఒక్కొక్కటిగా ఒత్తి పట్టాడు. ఎన్నడూ అలా చేయలేదు. ఒకదాని కొన దగ్గర అంచు నీలంగా మారడం కనిపించింది. దాన్ని మళ్ళీ చక్రానికి ఒత్తాడు. నీలం పోయింది. చూడలేదని తనకు తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాకా చాలామంది ఆగారు. ఎవరైనా చేయి చాపితే మల్లన్న కత్తిని వాళ్ళ ముందు బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసేవాడు. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఇద్దరి మధ్య తగువు పుడుతుందని నాన్న నమ్మకం. నాన్న కొలిమి దగ్గర ఎంతటివాడైనా కింద పెట్టిన కత్తిని తానే తీసుకోవాలి. ఇక్కడివాళ్ళు చాపిన చేయి వెనక్కి తీసుకుని, అమ్మడం ఇష్టం లేదేమో అన్నట్టు చూసి వెళ్ళిపోతున్నారు.

"దేవుని ముంగట కొబ్బరికాయ పెట్టినట్టు పెడ్తున్నవేంది భయ్యా," అన్నాడు హమీదుద్దీన్. "చేతికియ్యి. నవ్వు. యల్లా, కానియ్యి."

అప్పుడే జహనారా వచ్చింది. హైదరాబాదామె. దోహాలో పెళ్ళి విందులకు వండించే పెద్ద వంటశాల ఆమెది. హాలు చివర తన స్టాల్లో వంట చేసి చూపిస్తోంది. ఏప్రన్ కూడా విప్పకుండా, చెక్క మీద ఒక హమూర్ చేపను పెట్టుకుని తెచ్చింది.

"హమీద్ భాయ్, కత్తులు పెట్టినవట. చూపించు. మాటలు నక్కో, కోసి చూస్త. చేప తెచ్చుకున్న."

హమీదుద్దీన్ మోచేత్తో పొడిచాడు. మల్లన్న అన్నిట్లోకీ మెరిసేదాన్ని తీసి, పిడి ముందుకు చాపి, ఆమె చేతికి ఇచ్చాడు. నాన్న మాట తప్పి అలా ఇవ్వడం అదే మొదటిసారి.

మొదటి కోత చక్కగా దిగింది. రెండోది ముల్లు మీద ఆగింది. మూడోసారికి కత్తి పక్కకు జారింది. జహనారా అంచును లైటు వైపు ఎత్తి చూసింది.

"మడత పడ్డది చూడు. ముఖం చూసుకునేటందుకు మంచిగున్నది. నా బాత్రూంల అద్దం ఉన్నది భాయ్."

హమీదుద్దీన్ నవ్వబోయి ఆగాడు. ఆమె చెక్క ఎత్తుకుని కదిలింది.

మల్లన్న ఆ కత్తిని తీసి అంచు మీద బొటనవేలు అడ్డంగా పోనిచ్చాడు. నిన్నటి నీలం ఆ వేలికి తగిలింది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి పట్టిన పానాన్ని, అంచు గట్టిదనాన్ని, ఆ చక్రం వేడి తీసేసింది. ఉక్కు మెత్తబడింది. అన్నిటినీ అలాగే ఒత్తి పట్టాడు కాబట్టి అన్నిటిదీ ఇదే గతి. చెడగొట్టింది చక్రం కాదు. ఇంకా ఎవరూ చూడకముందే ఆ చూపులకు భయపడి అతను వాటి ముఖాలు మార్చాడు. ఇప్పుడు నాన్న పద్ధతిని కూడా ఆ భయానికే ఇచ్చేశాడు.

విచిత్రంగా, ఈ సంగతి స్పష్టమయ్యాక గుండె దడ తగ్గింది. జరగకూడదని భయపడ్డది జరిగిపోయింది.

"ఏం కాలే," గొంతు తగ్గించి అన్నాడు హమీదుద్దీన్. "ఈడ అందరు చేపలు పట్టుకొని వస్తరా ఏంది. మిగిలినయి అమ్ము."

"మాఫీ భాయ్. ఇవి కత్తులు కావు."

మెరిసే కత్తులన్నిటినీ గుడ్డలో చుట్టి బల్ల కిందికి తోశాడు. సంచిలోంచి తన సొంత కత్తిని తీశాడు. డ్యూటీలో అన్నంలోకి ఉల్లిగడ్డ కోసుకునేది. నల్లనిది. సొంతదే కదా అని నిన్న దాన్ని చక్రం దాకా తీసుకుపోలేదు. ఖాళీ బల్ల మధ్యలో పెట్టాడు.

"ఆపా," అని పిలిచాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. జహనారాతో పాటు నలుగురు తిరిగి చూశారు. చూడనిచ్చాడు. "అవి నేనే ఖరాబు చేసిన. మెరవాలెనని పాలిష్ మిషన్‌కు పట్టిన, పానం పోయింది. నేను చేసే కత్తి గిట్లుంటది. ఒక్కసారి సూడుండ్రి."

"ఇదేంది, రొట్టెల పెంక లెక్క ఇంత నల్లగున్నది?"

"గింతే ఉంటది."

ఆమె చేయి చాపింది. మల్లన్న కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. జహనారా అతని వైపు ఒక క్షణం చూసి, చెక్కను బల్ల మీద దించి, కత్తిని తానే తీసుకుంది.

చేప తల వెనక ముల్లు టక్కున తెగింది. ఆమె అక్కడ ఆగలేదు. తోక దాకా ముక్కలు కోసుకుంటూ పోయింది. కోసి, అంచును లైటు వైపు ఎత్తి, మొదటిసారి కంటే ఎక్కువసేపు చూసింది.

"పిడి మొద్దుగున్నది. పడవల మీది మొగోళ్ళకు చేసినవా? నా వంటశాలల ఆడోళ్ళు కోస్తరు. ఇగో, నా చెయ్యి చూసుకో. దీనికి పట్టేటట్టు చెయ్యి."

"ఎన్ని కావాలె ఆపా?"

"ముందుగాల నాలుగు. మెరిస్తే వాపస్ పంపుత."

కత్తిని తిరిగి ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు. "ఆడ పెట్టుండ్రి," అన్నాడు.

"అరె, ఏం నఖ్రా ఇది," అని గొణిగి బల్ల మీద పెట్టింది. అప్పుడు తీసుకుని తుడిచాడు. నల్లటి ఉక్కు మీద వేలిముద్ర కనబడలేదు.

ఆమె వెళ్ళాక హమీదుద్దీన్ ఖాళీ బల్ల వైపు, ఆ ఒక్క కత్తి వైపు చూశాడు. "సాయంత్రం దాక గీ ఒక్కదాన్నే పెట్టుకొని నిలబడ్తవా?"

"నిలబడ్త."

"అడిగినోళ్ళకు?"

"ఖరాబు చేసిన్నని చెప్త. ఆర్డర్ ఇస్తే చేసిస్తనని చెప్త."

ఎదుటి స్టాలు దగ్గర నిలబడ్డ ఒకాయన ఇటు నడిచి వస్తున్నాడు. మల్లన్న కత్తి పిడిని ఆయన వైపు తిప్పి పెట్టి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రేకు మిషన్‌కు ఇంకో జాగ సూస్కో భాయ్," అన్నాడు.