పై ఏటి కొలత

స్కూళ్లు తెరవడానికి రెండు వారాల ముందు నుంచీ కొలతల పిన్ని కొట్లో కాలు పెట్టడానికి సందుండేది కాదు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, బెంచీ మీద తల్లులు, తల్లుల ఒళ్లో పాత యూనిఫారాలు, అద్దం ముందు తమని తామే వెక్కిరించుకునే పిల్లలు. పిన్ని ఒక్కొక్కరినీ చెక్కపెట్టె మీద నిలబెట్టి, మెడలోంచి టేపు తీసి కొలిచి, కొలత గట్టిగా కేకవేసి చెప్పేది. కేకలేయడం ఆవిడ స్వభావం కాదు, అవసరం. కొలతలు రాసుకునేదీ, గుడ్డ కత్తిరించేదీ ఆవిడ భర్త. ఆయనకి వయసులో ఉండగానే చెవులు మందగించాయి. కొట్టు చివర కటింగు బల్ల దగ్గర కూర్చుని "ఎంతా?" అంటూ ప్రతి కొలతనీ రెండోసారి చెప్పించుకునేవాడు. అందువల్ల వీధి చివర సైకిళ్లు బాగుచేసే అతనికి కూడా ఏ పిల్లాడి చెయ్యి ఎంత పొడుగో తెలుసు.

ఆ టేపు పిన్నికి అత్తగారిచ్చింది. పసుపు రంగు వెలిసిపోయి ఎండుగడ్డి రంగుకి వచ్చింది, అంచులు నలిగాయి, అంకెలు మాత్రం చెరగలేదు. అది ఏనాడూ ఇవాళ్టి కొలత చెప్పలేదు. సరిగ్గా ఏడాది తర్వాత ఆ మనిషి ఎంతుంటాడో చెప్పేది. పిన్ని కుట్టిన యూనిఫారం మొదట్లో కాస్త వదులుగా ఉండి, ఏడాది చివరికి అతికినట్టు సరిపోయేది. తల్లులకి కావలసింది అదే. రెండు వీధుల అవతల ఇంకో దర్జీ ఉన్నాడు, చెయ్యి మంచిదే, కానీ అతని టేపు ఆ పూట కొలతే చెబుతుందని జనం పెదవి విరిచేవాళ్లు. హోటల్లో వంటచేసే ఆయన ఒకసారి, తిండి సగానికి సగం తగ్గించానని ఊరంతా చాటి, ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. టేపు మూడంగుళాలు ఎక్కువ చూపించింది. ఎలాగూ రాసిపెట్టి ఉన్నాక కడుపు మాడ్చుకోవడం దేనికని ఆయన ఆ సాయంత్రం నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి టేపు చెప్పింది చెప్పినట్టు జరిగింది. అందరూ నవ్వారు, పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వులో అర్థం చేసుకోవలసింది ఒకటుందని ఆవిడకి అప్పుడు తోచలేదు.

అలాంటి రద్దీ రోజునే బస్సు డ్రైవరు కూతురు వచ్చింది. పదహారేళ్లది. ఏటా టేపుని పరుగులు పెట్టిస్తుందని పొడుగుపిల్ల అనేవారు. మందుల షాపులో పనిచేసే తల్లి వెంట ఉంది. పిన్ని భుజాలు కొలిచి పద్నాలుగంది, చేతులు కొలిచింది, అన్నీ పోయినేడు ఉన్నట్టే ఉన్నాయి, ఇక ఎదుగుదల ఆగింది అనుకుంది. టేపు నడుముకి చుట్టింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కానీ నోరు ఆగలేదు.

"ముప్పై ఎనిమిది."

"ఎంతా?" అన్నాడు భర్త.

ఆ "ఎంతా" పిన్ని జీవితాంతం మర్చిపోలేదు. మొదటిసారి తను చెప్పింది అలవాటున వచ్చిన మాట. రెండోసారి చెప్పడానికి వ్యవధి ఉంది. దగ్గొచ్చినట్టు నటించవచ్చు, పొరపాటైందని ఇంకేదో చెప్పవచ్చు. కొట్టు నిండా మనుషులున్నారు, పిల్ల భుజాలు పద్నాలుగే ఉన్నాయి, నడుమొక్కటే పెరిగిందంటే దేనికి పెరుగుతుందో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయినా ఆవిడ గొంతు పెంచి ముప్పై ఎనిమిది అనే అంది.

తల్లి కూతురి వంక చూసింది. కూతురు చెక్కపెట్టె మీదే నిలబడి, అందరూ తన పొట్టకేసి ఎందుకు చూస్తున్నారో తెలియక తానూ కిందకి చూసుకుంది.

నిజానికి ఆ రోజుకి ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదు. మొగపిల్లలతో ఆమె మాటలన్నీ లెక్కల నోట్సు అడగడం దగ్గరే ఆగిపోయేవి. కానీ టేపు అబద్ధమాడదు కదా. వారం తిరక్కుండా క్లాసులో ఆమె పక్కన కూర్చునే పిల్లని ఇంకో బెంచీకి మార్చమని ఆ పిల్ల తల్లి వచ్చి టీచర్ని అడిగింది. ట్యూషను మాస్టారు తనకి తీరిక లేదన్నాడు. నీళ్ల ట్యాంకు దగ్గర ఆడవాళ్లు రోజూ ఆమె నడుముని కళ్లతో కొలిచి, ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అని చెప్పుకునేవారు. గోరంతని కొండంత చేశారనడానికి కూడా లేదు, అక్కడ గోరంతైనా లేదు. రెండు నెలలు చూసి తల్లి స్కూలు మాన్పించేసింది. పిల్లని కాపాడుకోవడానికేనని చెప్పింది, నమ్మింది కూడా. తండ్రి బస్సెక్కి వెళ్లిపోయేవాడు, తల్లి షాపుకి వెళ్లేది, పొడుగుపిల్ల ఇంట్లో తలుపేసుకుని గోడలకేసి చూస్తూ కూర్చునేది. స్నేహితులు ఎవరూ రాలేదు, వాళ్ల ఇళ్లలో రానివ్వలేదు.

ఒక్కడు వచ్చాడు. గడియారాలు బాగుచేసే ఆయన కొడుకు, ఆమె క్లాసువాడే. లైబ్రరీ పుస్తకాలు కిటికీలోంచి అందించేవాడు. వాడికీ పిన్నే యూనిఫారం కుట్టింది. టేపు వాడి మెడ అరంగుళం పెరుగుతుందని చెప్పిందే తప్ప ఇంకేమీ చెప్పలేదు. తండ్రి కాబోయేవాడి నడుము పెరగదు కదా మరి.

మళ్లీ స్కూళ్లు తెరిచే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు పొడుగుపిల్ల వచ్చి వదులుగా ఒక గౌను కుట్టమంది. ఏడో నెల. పిన్ని టేపు ముట్టుకోలేకపోయింది. కొలవక్కర్లేదులేమ్మా, నీ కొలత నా దగ్గరుంది అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

"మీ మీద కోపం లేదు పిన్నీ," అంది పిల్ల, మేకుకి వేలాడుతున్న యూనిఫారాలకేసి చూస్తూ. "ఆ రోజు ఇక్కణ్ణించి వెళ్లాక నాతో మాట్లాడింది వాడొక్కడే. అందరూ అవుతుంది అవుతుంది అంటుంటే నాకూ అదేదో అయ్యేదే అనిపించింది. ఎలాగూ అయ్యేదానికి భయమెందుకులే అనిపించింది."

పిన్నికి వంటాయన గుర్తొచ్చాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆవిడే ఎన్నోసార్లు కొట్టుకొచ్చే కొత్త కోడళ్లకి బుద్ధులు చెప్పింది. వీధంతా ఆ పిల్ల కాలు జారిందంటోంది. ముందు జారింది తన నోరని ఒక్కరూ అనలేదు, అన్నా బావుండునని ఆవిడకి అనిపించింది. గౌను ఊరికే కుట్టి ఇచ్చింది. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

పాప పుట్టింది. గడియారాలాయన కొడుకుని వేరే ఊళ్లో బంధువులింటికి చదువుకి పంపేశాడు. పాపం, వాడి భవిష్యత్తు పాడైపోకూడదు కదా అన్నారు జనం. భవిష్యత్తు అనే మాట ఆ పిల్ల విషయంలో ఎవరి నోటా రాలేదు. పాపని ఎత్తుకుని వీధిలోకొస్తే, తెలిసి కూడా "మీ చెల్లెలా?" అని అడిగేవారు. ఆస్పత్రిలో చీటీ రాసే ఆవిడ తండ్రి పేరు వరండా అంతా వినపడేలా రెండుసార్లు అడిగింది.

పాపకి పది నెలలొచ్చాక పొడుగుపిల్ల తిరిగి స్కూలుకి వెళతానని పట్టుబట్టింది. చివరి తరగతి పూర్తి చేస్తే చాలంది. అదే సమయానికి ఇంకో మాట కూడా వచ్చింది. దూరపు బంధువు, పెళ్లాం పోయినవాడు, నలభై దాటినవాడు, పిల్లని చేసుకుంటానన్నాడు. పాపని మాత్రం తీసుకురాకూడదు. ఎంత మంచి మనసో అని వీధి మెచ్చుకుంది. తల్లికి ఎటూ తేలలేదు. పెద్ద టీచరు దగ్గరికి వెళితే ఆవిడ నిట్టూర్చి, చేర్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ మళ్లీ అదే కథైతే మిగతా తల్లిదండ్రులకి నేనేం చెప్పాలి, టేపు పెట్టించుకుని రండి, కొలత సవ్యంగా ఉంటే సీటిస్తాను అంది. తల్లికి ఆ మాట నచ్చింది. నిర్ణయం తన చేతుల్లోంచి టేపుకి పోయింది. కొలత బావుంటే స్కూలు, లేకపోతే ఆదివారం జవాబుకొచ్చే ఆ బంధువుకి ఊ అని చెప్పడం.

మళ్లీ అదే కొట్టు, అదే రద్దీ, అదే చెక్కపెట్టె. వాళ్లు రాగానే బెంచీ మీద జనం జరిగి చోటిచ్చారు, మర్యాదకి కాదు, బాగా కనపడాలని. తల్లి పాపని ఎత్తుకుని నిలబడింది. పొడుగుపిల్ల పెట్టె ఎక్కి చేతులు కాస్త పైకెత్తింది.

పిన్ని భుజాలు కొలిచింది. పద్నాలుగే. చేతులు కొలిచింది. తర్వాత టేపు నడుముకి చుట్టి, బొటనవేలు అంకె మీద పెట్టి చూసింది.

ముప్పై ఎనిమిది.

అంటే ఆదివారం ఊ అంటారు. ఏడాదికల్లా ఈ పిల్ల ఆ నలభై ఏళ్ల వాడి ఇంట్లో, పాపకి దూరంగా, మళ్లీ కడుపుతో ఉంటుంది. టేపు అబద్ధమాడదు. పిన్ని కూడా ముప్పై ఏళ్లుగా కొలతల విషయంలో అర అంగుళం అబద్ధమాడి ఎరగదు. ఆ పేరు మీదే కొట్టు నిలబడింది.

"ఇరవై ఆరు," అంది.

"ఎంతా?" అన్నాడు భర్త.

ఆయన చెవులు పోయినా కళ్లు పదునే. కళ్లజోడు పైకి తోసి, ఆవిడ బొటనవేలు టేపు మీద ఎక్కడుందో చూస్తున్నాడు. పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. ఈసారి గొంతు వీధి చివర సైకిళ్ల కొట్టు దాకా వెళ్లేలా కేకేసింది.

"ఇరవై ఆరు! స్కూలు యూనిఫారానికి!"

ఆయన ఇంకాసేపు చూసి తలవంచి పుస్తకంలో ఇరవై ఆరని రాశాడు. బెంచీ మీద ఎవరో ఊపిరి వదిలారు. తల్లి పాపని గుండెకి అదుముకుని ఏడ్చింది. ఇరవై ఆరట అన్న మాట వాళ్లు ఇంటికి చేరేలోపే వీధంతా పాకింది. పెద్ద టీచరు సీటిచ్చింది. ఆ దూరపు బంధువు వేరే సంబంధం చూసుకున్నాడు. తల్లి షాపులో సాయంత్రం పని అడిగి తీసుకుని, పగలు పాపని తనే చూసుకుంది. క్లాసులో పక్కన కూర్చోవడానికి మొదట్లో ఎవరూ రాలేదు గానీ, కొలత తెలిసిందే కాబట్టి లేచి వెళ్లిపోయినవాళ్లూ లేరు. మెల్లగా ఒకమ్మాయి నోట్సు అడిగింది.

ఏడాది గడిచింది. పరీక్షలైపోయాయి, పొడుగుపిల్ల మంచి మార్కులతో పాసైంది, కాలేజీలో సీటొచ్చింది. పాపకి గౌను కుట్టించాలని ఇద్దరూ కొట్టుకి వచ్చారు. స్కూల్లో సర్టిఫికెట్టు తీసుకుని నేరుగా రావడంతో ఆమె వేసుకున్నది ఆ యూనిఫారమే. నడుము దగ్గర వదులూ లేదు, బిగుతూ లేదు. పిన్ని ఆ కుట్టు వంక చూసి కళ్లు తిప్పుకుంది. టేపు మెడలో ఎప్పటిలాగే వేలాడుతోంది.

"పిన్నీ," అంది ఆ పిల్ల, పాపని చెక్కపెట్టె మీద నిలబెట్టి. "ఆ రోజు నేను కిందకి చూశాను. టేపు మీద ముప్పై ఎనిమిది ఉంది."

పిన్ని మెడలోంచి టేపు తీసింది.

"మీరు ఇరవై ఆరన్నారు. అంతే అయింది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, ఏడాది నుంచీ మనసులో ఉన్నదాన్ని అడుగుతోంది. "మరి మొదటిసారి కూడా అలాగే అని ఉండొచ్చు కదా?"

పిన్ని పాప జుట్టు సవరించింది. ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఒక్క జవాబే ఉంది.

"అనొచ్చమ్మా," అంది. "అనాల్సింది."

పొడుగుపిల్ల తలూపింది. పాప టేపు కొస పట్టుకుని లాగుతోంది. పిన్ని మెల్లగా విడిపించి, ఆ చిన్న భుజాలు కొలిచింది, నడుము కొలిచింది. బల్ల దగ్గర్నుంచి భర్త అలవాటుగా "ఎంతా?" అన్నాడు. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. పిన్ని చీటీ ముక్క మీద పెన్సిలుతో అంకెలు రాసి, మడిచి, కొట్టు ఆ చివరికి నడిచి వెళ్లి ఆయన చేతిలో పెట్టింది.