ఎడమ కాలి బరువు

కొండ మీది కంటి ఆసుపత్రి గేటు దాటేసరికి అత్తగారు వెనక సీట్లో, అటో దిండు ఇటో దిండు పెట్టుకుని, గాజు సామాను పెట్టెలో సర్దినట్టు కూర్చుని ఉంది. ఆవిడ కుడి కన్ను ఏనాడో పోయింది. మిగిలిన ఎడమ కంటికి నిన్ననే ఆపరేషను చేసి, చెంప సగం మూసేంత కట్టు కట్టారు. "వంగకూడదు, దగ్గకూడదు, కుదుపు అసలే తగలకూడదు. లోపల కుట్టు పచ్చిగా ఉంది, అది కదిలిందంటే ఇక నేను చేసేదేం లేదు" అని డాక్టరమ్మ ఇంట్లో అందరికీ కలిపి చెప్పకుండా, ఒక్కొక్కరినీ పిలిచి విడివిడిగా చెప్పింది. అలా చెబితేనే గుండెల్లో దిగుతుందని ఆవిడకు అనుభవం కాబోలు.

కోడలి గుండెల్లో బాగానే దిగింది. ముందు సీట్లో కూర్చున్నదన్న మాటే గాని, ఆమె మెడంతా వెనక్కే తిరిగి ఉంది.

కారు కోడలిది. బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు దిద్దే పని ఆమెది. ఇష్టపడి కొనుక్కుంది గాని, చేతిలో ఉన్నది ఇంకా నేర్చుకునేవాళ్ళ లైసెన్సే. మొగుడికి ఆ రోజు సెలవు దొరకలేదు. ఇంకెవరినైనా పిలుద్దామా అంటే మామగారు మీసం దువ్వాడు. "బతుకంతా టాక్సీ తిప్పిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, దానికి అద్దె డ్రైవరా? పిల్లికి కూడా నా చక్రం తగల్లేదు." అది నిజమే. వీధిలో ఆయన్ని స్టీరింగు మావయ్య అనేవారు, పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా.

చిక్కల్లా ఒక్కటే. ఆయన నడిపిన బళ్ళన్నిటికీ క్లచ్చు ఉండేది. దీనికి లేదు.

పొద్దున బయల్దేరేముందు కోడలు ఆ సంగతి చెప్పింది. "క్లచ్చంటే ఇంజనూ చక్రాలూ చేతులు పట్టుకోవడమే కదా మామయ్యా. పెడలు నొక్కితే చేతులు విడిపోతాయి, గేరు మార్చుకుంటాం. వదిలితే మళ్ళీ పట్టుకుంటాయి. ఇందులో విడదీసే పనీ కలిపే పనీ బండే చూసుకుంటుంది. మనకి రెండే పెడళ్ళు. ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. రెండూ కుడి కాలివే."

"మరి ఎడమ కాలికి?"

"పనేం లేదు. ఊరికే కూర్చోవడమే."

"నాతోపాటు అదీ రిటైరైందన్నమాట" అని నవ్వి ఎక్కాడు ఆయన.

కొండ ఎక్కేటప్పుడే ఒకటికి రెండుసార్లు గొణిగాడు. "ఏమిటమ్మాయ్, నీ బండికి ఊపిరి లేదు. ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టుంది." కొత్త బండి కదా, ఇంకా సాగాలేమో అనుకుంది కోడలు. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కాని ఇలాంటి మాట అప్పటికప్పుడు మన చెవికెప్పుడు ఎక్కింది గనక, తర్వాత అనుకోవడమే గాని.

ఇప్పుడు దిగుతున్నారు. దారి పాము మెలికలు తిరిగినట్టుంది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల గాలి. మామగారు బండిని పూలబుట్టలా తీసుకెళుతున్నాడు, గుంట కనబడితే దాన్ని ముందే పలకరించి పక్కకి తప్పుకుంటూ. అత్తగారికి ఒక్క కుదుపు కూడా తగల్లేదు.

వెనక ఒక లారీ తగులుకుంది. మొదట హారన్ కొట్టాడు. తర్వాత లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ మొదలుపెట్టాడు.

"వాడికేం తొందరట?" అన్నాడు మామగారు. "కంటి ఆపరేషనైన మనిషి ఉందని అద్దం మీద రాసి అంటించమంటాడా?"

"పోనివ్వండి ముందుకి" అంది అత్తగారు.

"దారెక్కడుందే పోనివ్వడానికి? నీకు కనబడదు గనక ఎన్నైనా చెబుతావు."

"కనబడదు గనకే వినబడుతోంది. వాడు కోపంతో కొడుతున్నట్టు లేదు. పిలుస్తున్నట్టుంది."

ఇంకో మెలిక తిరిగాక వాసన వచ్చింది. ఘాటుగా, గొంతులో పట్టేసేలా. కోడలు అద్దం కొంచెం దించి చూసింది. బయట ఇంకా ఎక్కువగా ఉంది.

"మామయ్యా, ఏదో కాలుతోంది."

"క్లచ్చు కాలిన వాసన అది. నా ముక్కుకి తెలియదా? ముందు ఎవడో దిగలేక దిగుతుంటాడు."

ముందు ఎవరూ లేరు. కనుచూపు మేర దారి ఖాళీగా ఉంది. ఈ బండికా, కాలడానికి క్లచ్చు పెడలే లేదు.

తర్వాతి మెలిక ముందు మామగారి కుడి కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. బండి తగ్గలేదు. ఆయన ఇంకొంచెం నొక్కాడు. ఆయన మొహంలో ఏమీ మారలేదు గాని, చెంప కింద నరం ఒకటి లేచింది. స్టీరింగు తిప్పి మెలిక దాటించాడు. పిట్టగోడ కోడలి పక్క అద్దానికి వీపు రాసుకున్నంత దగ్గరగా వచ్చి పోయింది.

"పెడలు మెత్తబడింది" అన్నాడు నెమ్మదిగా. వెనకావిడ వినకూడదన్నట్టు. "దిండు మీద కాలేసినట్టుంది."

డ్రైవింగు నేర్పిన మాస్టారు చెప్పినదంతా కోడలికి ఒక్కసారిగా కళ్ళముందు మెదిలింది. చక్రంతో పాటు ఇనుప పళ్ళెం ఒకటి తిరుగుతుంటుంది, డిస్కంటారు. పెడలు నొక్కితే ప్యాడ్లు రెండు పక్కలా దాన్ని బిగించి పట్టుకుంటాయి. పట్టి వదిలితే పళ్ళానికి ఊపిరాడుతుంది. వదలకుండా పట్టుకునే ఉంటే పొయ్యిలో మరిచిపోయిన ట్రేలాగా కాలిపోతుంది. ఆ వేడి బ్రేకు ఆయిలుకి ఎక్కుతుంది, ఆయిలు మరిగి బుడగలు కడుతుంది. బుడగలు కట్టిన ఆయిలు మన కాలి బలాన్ని చక్రం దాకా మొయ్యదు. అంతా తెలిసింది. కాని ఎవరు పట్టుకునే ఉన్నారు బ్రేకుని? ఆయన కుడి కాలు పనున్నప్పుడే కదా వెళుతోంది?

"గేరు దించాలి" అంటూ మామగారు చెయ్యి లివరు మీద వేశాడు. వేసిన క్షణానే ఆయన ఎడమ కాలు, ఎవరూ చెప్పకుండా, కిందికి దిగబడింది. క్లచ్చు నొక్కడానికి. బండి ముక్కు ఒక్కసారి వంగి లేచింది, అంతే, మళ్ళీ పరుగే.

వెనకనుంచి అత్తగారి గొంతు వచ్చింది. భయం లేదు అందులో. కూరలో ఉప్పు వేశారా అని అడిగినట్టుంది.

"ఏమండీ, మీ ఎడమ కాలెక్కడుంది?"

"కాలెక్కడుంటుందే. ఒంటికే ఉంది."

"ఒంటికున్న సంగతి పెళ్ళప్పుడే చూశాను. దేని మీదుంది?"

ఆయన కళ్ళు దారి మీదే ఉన్నాయి.

"నా తమ్ముడు మీ టాక్సీకి క్లచ్చు ప్లేటు మార్చినప్పుడల్లా ఏమనేవాడు? బావగారి కాలు పడుకునే మంచం ఇదేననేవాడు. గేరు మార్చనప్పుడు కూడా దాని మీదే వేసుకుని కూర్చుంటారు మీరు. ఇప్పుడా మంచం లేదు కదా. ఏ మంచమెక్కింది?"

కోడలు వంగి చూసింది. చెప్పు తొడిగిన ఎడమ పాదం బ్రేకు పెడలు అంచు మీద, అలసిపోయి వాలిన పిల్లాడి తలలా వాలి ఉంది. కొండ ఎక్కినప్పుడూ అక్కడే. దిగుతున్నంతసేపూ అక్కడే. లారీవాడు ఆ ఎర్ర లైట్లు చూసే అరుస్తున్నాడు ఇందాకట్నుంచీ.

"తీసెయ్యండి మామయ్యా" అంది. పాదం చటుక్కున వెనక్కి పోయింది. కాని కాలవలసింది కాలిపోయింది అప్పటికే. బండి దిగుతూనే ఉంది, ప్రతి బారకీ ఇంకాస్త వేగం పోగేసుకుంటూ.

కోడలి చెయ్యి హ్యాండ్‌బ్రేకు వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు" అన్నాడు మామగారు. "ఈ వేగంలో వెనక చక్రాలు పట్టేస్తే బండి బొంగరమైపోతుంది. మీ అత్త కన్నుకి ఒక్క విసురు చాలు."

"అయితే లివరు నాకొదలండి. మీరు దారి చూడండి."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. బతుకంతా ఆయన గేరు మీద ఇంకొకళ్ళ చెయ్యి పడలేదు. తర్వాత చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టాడు. "దీనికి గేర్లు దింపే దారుందా?"

"ఉంది. అడ్డంగా లాగి కిందికి తట్టాలి. ఒక్కో తట్టుకి ఒక్కో గేరు. చిన్న గేరులో ఇంజనే చక్రాల్ని వెనక్కి పట్టుకుంటుంది."

"అది నాకు చెబుతున్నావా" అన్నాడు, కాని కోపంగా కాదు. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులో దిగమని మా గురువు చెంపదెబ్బ కొట్టి నేర్పాడు. దీనికి గేర్లే లేవనుకున్నాను. తట్టు. ఒకటే. మొత్తం ఒకేసారి దించావో, ఇంజను వెనక్కి గుంజుతుంది."

కోడలు తట్టింది. ఇంజను గొంతు లేచింది. కేకు మీద ఆఖరి చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టే బిగబట్టింది.

"ఆగు. దాన్ని సర్దుకోనీ. అత్తా, తల సీటుకి ఆనించుకున్నావా?"

అత్తా అన్నది కోడలి అత్తని, అంటే తన పెళ్ళాన్నే. కంగారులో ఆయన నోట వరసలే తారుమారయ్యాయి. ఎవరూ నవ్వలేదు.

"ఆనించుకునే ఉన్నాను. నా సంగతి చూడకండి, గోడ సంగతి చూడండి."

"ఇప్పుడు ఇంకోటి."

ఇంకోటి తట్టింది. ఇంజను ఉరిమింది. బండి గుర్రుమంటూ, ఇష్టం లేని దూడలా, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి లాగింది. స్పీడు ముల్లు దిగడం మొదలైంది. మెలిక వచ్చింది. మామగారు లోపలి అంచు పట్టుకుని దాటించాడు, టైర్లు ఏడ్చాయి గాని పట్టు తప్పలేదు.

"కొండ ఇప్పుడు ఎడమ పక్కకొచ్చింది, అటు చూడు, పైకి పోయే మట్టి బాట ఒకటి ఉండాలి. రాళ్ళ క్వారీది. పాత రోజుల్లో బ్రేకు పోయినవాడెవడైనా దాన్లోకే ఎక్కేవాడు."

"ఉందా ఇంకా?"

"కొండ ఎక్కడికి పోతుంది?"

ఉంది. కంకర పోసి, ఎత్తుగా. ఆయన దూరం నుంచే స్టీరింగు కొంచెం కొంచెంగా అటు ఒరగనిచ్చాడు. కోడలు చివరి తట్టు తట్టింది. కంకర మీద చక్రాలు బరబరమని పాకాయి, ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ నీరసపడ్డాయి, నిద్రలోకి జారినట్టు ఆగిపోయాయి.

"లివరు పార్కు గేరులో పెట్టు. దిగి చక్రాల వెనక రాళ్ళు అడ్డం పెట్టు. హ్యాండ్‌బ్రేకు ఇప్పుడు బిగించకు, వేడి మీద అంటుకుపోతుంది."

కోడలు రాళ్ళు పెట్టి, వెనక తలుపు తీసి, అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, కన్ను ఎలా ఉంది? పోటు గాని, తడి గాని?"

"పోటు లేదు, తడి లేదు. దురదగా ఉంది, గోక్కోవద్దన్నారు గనక ఇంకా దురదగా ఉంది."

కోడలు అప్పుడేడ్చింది, చప్పుడు చెయ్యకుండా. అత్తగారికి కనబడదు గదా అనుకుంది. ఆవిడ తడుముకుంటూ కోడలి చెంప తుడిచింది.

లారీ వచ్చి ఆగింది. డ్రైవరు నీళ్ళ డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. ముందు చక్రాల్లోంచి పొగ సన్నగా లేస్తోంది. "పైనుంచీ మీ ఎర్ర లైట్లు ఆరలేదండీ. హారన్ కొట్టి కొట్టి నా చెయ్యి నొప్పెట్టింది. జరగండి, నీళ్ళు కొడతా."

"వద్దు బాబూ" అన్నాడు మామగారు, చక్రం పక్కన గొంతుక్కూర్చుని. "ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్ళు పడితే వంకర తిరుగుతుంది, పగిలినా పగులుతుంది. దానంతటదే చల్లారాలి. ఆ నీళ్ళు మా అమ్మాయికివ్వు, తాగుతుంది."

పొగ ఆగి చక్రం చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. కోడలు దగ్గరికి వెళ్ళింది. ఆయన తన ఎడమ కాలికేసి చూసుకుంటున్నాడు, ఇంటికొచ్చి పరువు తీసిన చుట్టాన్ని చూసినట్టు.

"అది నేను పెట్టింది కాదమ్మాయ్" అన్నాడు చివరికి. "నాకు తెలియనే తెలియదు."

"తెలుసు మామయ్యా."

"మళ్ళీ పెట్టదని కూడా నేను చెప్పలేను. అదీ సంగతి." లేచి, చెప్పు విదిలించుకుని, పక్క సీటు తలుపు తీసుకుని కూర్చున్నాడు. "నువ్వు నడుపు. నేర్చుకునేవాళ్ళ పక్కన నేర్చినవాడు ఉండాలి గదా, నేనున్నాను. రెండో గేరు దాటకు. బ్రేకు చల్లారింది గాని మునుపటంత నమ్మకం పెట్టుకోకు, పెడలు ఎంత లోతుకి పోతోందో ముందు ఇక్కడే నొక్కి చూడు. దిగాక తిన్నగా మెకానిక్కు దగ్గరికి, ఆయిలు మార్పించాలి."

కోడలు నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. లారీవాడు రాళ్ళు తీశాక బాట మీంచి వెనక్కి జారి, రోడ్డెక్కింది. ఇంజను మూలుగుతూ పట్టుకుంటోంది. అవసరమైనచోట ఒక్కసారి గట్టిగా బ్రేకు నొక్కి వదిలేస్తోంది, ఆనుకోవడం లేదు. లారీవాడు తొందరపెట్టకుండా వెనకే, కాపలాగా వస్తున్నాడు.

మెలిక మెలికకీ మామగారి వైపు నుంచి ధబ్, ధబ్ అని చప్పుడు. ఎడమ కాలు అక్కడ లేని క్లచ్చు కోసం రబ్బరు చాపని తొక్కుతోంది.

వెనకనుంచి అత్తగారంది. "బాగానే నొక్కుతున్నారు. ఇంకాస్త గట్టిగా తొక్కండి, ఆ చాప ఎవరి మీదికీ పోదు."

"నువ్వు నోరు మూసుకుని కన్ను చూసుకో."

"చూసుకుంటాను. రేపు కట్టు విప్పగానే మీ మొహం చూడను. ముందు ఆ కాలెక్కడుందో చూస్తాను."

ధబ్ మన్న చప్పుడు ఆగింది. కోడలు ఓరగా చూసింది. మామగారు ఎడమ కాలు సీటు మీదికి లాక్కుని, మడిచి, దాని మీద తనే కూర్చుని ఉన్నాడు.