రామసుబ్బు గోడ మీది పెట్టె

రామసుబ్బు అబద్ధమాడడు. నిజానికి కాస్త ఎరువు వేస్తాడు, అంతే. నల్లరేగడిలో ఎరువు వేయకపోతే పత్తిచెట్టయినా మోకాలెత్తు లేవదు, ఇక మాట ఎట్లా లేస్తుంది? ముత్తులనాయకన్‌పట్టి అనే ఆ అరవనాటి తెలుగు ఊరి నడివీధిలో ఆయన తిన్నె మీద కూర్చుని లేచినవాడెవడూ ఉన్న విషయం ఉన్నట్టుగా విని పోలేదు. కూర్చోనివాడికి అసలు విషయమే తెలియదు.

ఆ తిన్నెకు ఎగువన, గోడ మీద ఒక ఇనుప పెట్టె ఉంది. కోవిల్‌పట్టి నుంచి వచ్చే కేబుల్ ఇరవై ఏళ్లుగా ఆ పెట్టెలో దిగి, రామసుబ్బు ఇంటి కరెంటు తాగి, బలం తెచ్చుకుని వీధిలోని ముప్పై ఇళ్లకూ పోతోంది. మొదట టీవీ పోయింది, తరువాత ఇంటర్నెట్టూ అదే దారిన పోయింది. పెట్టె స్విచ్చు మాత్రం ఇంట్లో, తలుపు వెనక, ఆయన చొక్కా తగిలించే మేకు పక్కన ఉంది.

ఇక్కడే ఉంది గుట్టు. సాయంత్రం ఆరున్నర దాటినా తిన్నె ఖాళీగా ఉంటే, రామసుబ్బు చొక్కా కోసమన్నట్టు లోపలికి వెళ్లి స్విచ్చు నొక్కేవాడు. ఐదు నిమిషాల్లో ముగ్గురు వచ్చి నిలబడేవారు.

"మామా, పెట్టె ఆగిపొయ్యిందా?"

"చూస్తుండా. కూర్చోండి."

కూర్చున్నాక కథ మొదలయ్యేది. కథ ఊపందుకోగానే మంచినీళ్లు తాగి వస్తానని లోపలికి పోయి స్విచ్చు వేసి వచ్చేవాడు. సగం కథలో లేచిపోవడానికి ఎవరికి మనసొస్తుంది? ఇంట్లో చెప్పుకుందామంటే భార్య బొమ్మక్క ఒక్కో కథా నలభైసార్లు విన్న మనిషి. ఆయన నోరు తెరవగానే ముగింపు చెప్పేస్తుంది. అలాంటి మనిషికి కథ చెప్పడం, కోసేసిన చేలో పిట్టల్ని తోలడమే.

ఆ ఆదివారం ఉదయం కార్తిక స్కూటర్ మీద వచ్చింది. కేబుల్ లైను వాళ్ల నాయనది. ఆయన మోకాళ్లు మొరాయించాక ఈ పిల్లే చూసుకుంటోంది. వీధిలో వాళ్లనంతా తిన్నె దగ్గరికి పిలిచి నోటుబుక్కు తెరిచింది.

"పాత తీగ తీసేసి గాజు తీగ వేస్తుండాము. రెండు మాదిరి వేయొచ్చు. ఒకటి ఆక్టివ్. తాత గోడ మీదే కొత్త పెట్టె పెడతాము. దానికి కరెంటు కావాల. దాన్నించి ఇంటికొక తీగ, ఎవురిది వాళ్లకే. ఇంకోటి పాసివ్. కోవిల్‌పట్టి నించి ఒకే తీగలో వచ్చే వెలుగును, అగ్గిపెట్టె అంత డబ్బా ముప్పైరెండుగా చీలుస్తాది. వెలుగు అందరూ పంచుకోవాల. అయితే వీధిలో కరెంటూ వద్దు, స్విచ్చూ వద్దు. రేపు విరుదునగరం పొయ్యి సామాను ఎత్తాల. ఈ పొద్దే చెప్పండి."

స్విచ్చూ వద్దు అన్న మాట రామసుబ్బుకు తేలు కుట్టినట్టు తగిలింది. స్విచ్చు లేకపోతే పెట్టె ఆగదు. పెట్టె ఆగకపోతే తిన్నెకు ఎవరొస్తారు?

ఎదురింటి కుమారసామి తేల్చేశాడు. "ఇరవై ఏండ్లు పెట్టె మోసింది మా బావ గోడ. బావ ఏది చెప్తే అదే."

రామసుబ్బు గొంతు సవరించుకున్నాడు.

"మా తాత కాలంలో దాయాదుల బావి ఒకటి ఉండె. ముప్పైరెండు పంగులు, తలా ఒక వంతు. మొదటోడు నీళ్లు పారిస్తే వాడి అరటిగెల ఆకాశానికి తగిలి వంగి పెరిగె. ముప్పైరెండోవాడి వంతు వచ్చేసరికి బావిలో బురద కూడా లేదు. కప్పలు గట్టెక్కి ఏడ్చె. అందులో ముసలికప్ప ఒకటి మా తాత కాలు పట్టుకుని, 'అయ్యా, ఒక చెంబు నీళ్లు పొయ్యండి' అని అడిగె."

"కప్ప తెలుగులో అడిగిందా బావా, అరవంలోనా?" అన్నాడు కుమారసామి.

"మన బావిలో పుట్టిన కప్ప కదా, తెలుగులోనే. బజారుకు పోతే అరవం మాట్లాడతాది."

వీధంతా నవ్వింది. కార్తిక గొంతు పెంచింది. "తాతా, ఇది బావి కాదు. ఒక్క తీగలో వచ్చే వెలుగు ముప్పై ఇండ్లకూ చాలి మిగులుతాది." కప్ప ఏడ్చిన తరువాత ఆ మాట ఎవరి చెవిన పడుతుంది?

"పంచుకునేది వద్దే వద్దు! ఎవురి తీగ వాళ్లకే ఉండనీ," అన్నారు జనం.

కార్తిక నిట్టూర్చి నోటుబుక్కులో రాయబోయింది. రామసుబ్బు మీసం దువ్వుకున్నాడు. గెలిచాడు.

అప్పుడు వెనక వరస నుంచి మునీశ్వరి లేచింది. డాక్టర్ల మాటలు విని టైపు చేసే కంపెనీలో పని ఆమెది, ఇంట్లో కూర్చునే చేస్తుంది.

"మామా, మీ గోడ మీదంటే నాకూ సమ్మతమే. ఒకటే ఇబ్బంది. నా డ్యూటీ ఆరున్నరకు మొదలు. నడుమ లైను పోతే అక్కడ నా పేరు కింద ఎర్రగీత పడతాది. ఈ నెల మూడు పడినాయి. ఇంకొకటి పడితే ఇంటినించి చేసేది చాలించి చెన్నైకే వచ్చెయ్యమంటుండారు. బిడ్డను, మంచంలో ఉండే అత్తను వదిలి నేనెట్లా పోయేది? కరెంటు ఆఫీసులో గలాటా చేసినా. పావం, ఆ లైన్‌మేన్ రెండు తూర్లు కంబమెక్కి చూసి పొయ్యినాడు, ఏమీ లేదన్నాడు. మా ఇంట్లో బాటరీ ఉండాది. అది తెచ్చి మీ పెట్టెకే తగిలిస్తా. మీరు ఉండంగా నాకు ఇంక బయం లేదు."

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న బొమ్మక్క చేయి ఆగింది.

"ఏం, మంచినీళ్లు కావాల్నా?" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆయన పెట్టె వైపు చూశాడు. మునీశ్వరి వైపు చూడలేకపోయాడు.

"కార్తికా, రాయొద్దు. కథ ఇంకా ముగియలేదు."

జనం మళ్లీ సర్దుకుని కూర్చున్నారు.

"ఆ బావి వద్దని అందరూ ఇంకో బావి కింద చేరిరి. దానికి ఇంజను ఉండె. నీళ్లు కావలసినన్ని, ఎవురి కాలువ వాళ్లకే. ఇంజను తాళం మాత్రం ఒక ముసలోడి మొలతాడుకు ఉండె. వాడికి పొద్దు పోకపోతే ఇంజను ఆపె. అందరూ వాడి వాకిట్లో చేరి, 'అయ్యా, ఏమాయె?' అనిరి. వాడికి అది చక్కెర మాదిరి ఉండె. అట్లా ఆపి ఆపి, ఒక ఆడబిడ్డ మిరపనారు ఎండిపోయె."

"ఎండిపోతే?" అన్నాడు కుమారసామి ఆశగా.

"ఎండిపోయె. అంతే."

"కప్ప రాలేదా?"

"రాలేదు."

రామసుబ్బు కథలో ఏ జంతువూ నోరు మెదపకపోవడం ఆ ఊరు అదే మొదటిసారి చూడడం. ఎవరూ నవ్వలేదు.

"పంచుకుంటే కొంచం తగ్గొచ్చు. ఒక్కడి చేతిలో తాళం మాత్రం ఉండకూడదు. పాసివే రాసుకోమ్మా."

కాసేపు గొణిగి, ఆఖరికి అందరూ సరేనన్నారు. అంతా వెళ్లాక కార్తిక ఫోనులో లైను ఆగిన లెక్కలు చూస్తూ మెల్లగా అడిగింది. "తాతా, పక్కవీధి పెట్టె ఒక్కనాడూ ఆగలేదు. ఆ ముసలోడి ఇంజను ఏ వేళకు ఆగుతుండె?"

"ఆరూముప్పావుకు."

"అట్లే అనుకుంటి. ఆయమ్మకు నేను చెప్పను. మీరే చెప్పుకోండి."

కొత్త తీగ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆయన వేలు నిలవదని బొమ్మక్క స్విచ్చుకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. "ఇప్పుడిది సామి. ముట్టుకోవాకండి," అంది. ఆయన ముట్టుకోలేదు. ఎర్రగీతా పడలేదు. పదమూడో రోజు పెట్టెను ఊడదీసి తీసుకుపోయారు. గోడ మీద నాలుగు బొక్కలు మిగిలాయి.

ఆ సాయంత్రం ఆరున్నర దాటింది, ఆరూముప్పావూ దాటింది. తిన్నె మీదికి పిల్లి కూడా రాలేదు. రామసుబ్బు లోపలికి వెళ్లి చొక్కా తీసి, ఈసారి నిజంగానే తొడుక్కున్నాడు. వీధి చివరి దాకా నడిచి మునీశ్వరి ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి కీబోర్డు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. చాలాసేపటికి ఆమె నీళ్ల చెంబుతో బయటికొచ్చింది.

"ఏం మామా, ఇట్లా వచ్చినారు? లైను బాగుండాదే!"

"తెలుసు. ఆ మూడు గీతలూ కరెంటోళ్లు వేసినవి కాదమ్మా. నేను వేసినవి. ఊరికే, మనుషులు వస్తారని స్విచ్చు ఆపినా."

ఆమె చెంబు కింద పెట్టింది.

"ఆ లైన్‌మేన్‌కు ఎవురు చెప్తారు?" అంది.

"రేపు పొద్దున్నే పొయ్యి నేనే చెప్తా."

"నాకు పది నిమిషాలే బ్రేకు మామా. మిమ్మల్ని తిట్టేదానికి అది చాలదు." చెంబెత్తి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఈ పొద్దుకు ఉన్నంత తిడతా. మిగిలింది రేపు. ఇదే వేళకు రాండి."

మరునాడు రామసుబ్బు కాస్త ముందుగానే వెళ్లాడు.