పడుగు వీధిలో సభ

చైనాతో యుద్ధం వచ్చిన ఆ చలికాలంలో, మెట్‌పల్లి దగ్గరి ఒక సాలెవాడకు సమితి అధ్యక్షుడు రాజయ్య వస్తున్నాడని చాటింపు వేశారు. రక్షణ నిధి సభ. ఊరి తరఫున ఒక ఆడపిల్ల మాట్లాడితే బాగుంటుందని పైనుంచి కబురు కూడా వచ్చింది. ఆ వాడలో ఏడో తరగతి దాటిన ఆడపిల్ల నర్మద ఒక్కతే. సిద్దిరాములు పంతులు నాలుగు మాటలు రాసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికి చుట్టాలొస్తేనే నర్మద తలుపు చాటుకు పోతుంది. అయినా ఆమెను నిద్రపోనివ్వనిది సభ కాదు, పంతులు రాసిన చివరి మాట. ‘దేశం కోసం మా నేత షెడ్డును మేము సంతోషంగా వదులుకుంటున్నాము.’

వాడలోని మగ్గాలన్నీ ఒక కప్పు కిందికి తెచ్చేందుకు సర్కారు మంజూరు చేసిన షెడ్డు అది. ఎన్నికలప్పుడు నీళ్లు ఊరని మెరక మీద పునాది తీశారు. గోడలు నడుమెత్తు లేచాక యుద్ధం వచ్చి పని ఆగింది. నర్మద తల్లి బాలలక్ష్మి ఇంట్లో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంది. వానాకాలం ఆ గుంతలో నీళ్లు ఊరుతాయి. పోయిన ఏడు ఆమె పాదాలకు పుండ్లు పడి దసరా దాకా మానలేదు.

“గీ మాట నేనెట్ల చెప్పాలె అవ్వా?” అంది నర్మద.

“పంతులు రాసిండు గదా, చెప్పు బిడ్డా. ఆడ సిపాయిలు మంచుల నిలవడ్డరట. మనయి గిన్ని నీళ్లే గదా.”

తల్లి అంత తేలిగ్గా అనేసరికి నర్మదకు మరింత కష్టమైంది.

సభ రోజు జీపు అనుకున్నదానికంటే ముందే, పొద్దు పొడిచీ పొడవకముందే వచ్చింది. అప్పటికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు సాగదీసి ఉంది. గంజి పెట్టిన పోగులను రెండు పక్కలా నిలబడి ఆడామగా కుంచెలతో దువ్వుతున్నారు. తడి మీద చెయ్యి ఆపితే పోగులు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. జీపు వీధి మొదట్లోనే ఆగిపోయింది.

పంతులు ఉరికి వచ్చాడు. “అంబదాస్, జర ఆపుండ్రి. పెద్దమనిషి వచ్చిండు.”

“గంజి మీదున్నది, ఎట్ల ఆపుత పంతులూ?” అన్నాడు నర్మద తండ్రి. “సారును మాట్లాడుమను. మా చెవులు ఖాళీగనే ఉన్నయ్.”

రాజయ్య జీపులోనే నిలబడి మైకు అందుకున్నాడు. “చైనావాడు మన కొండలు దిగిండు. సర్కారు అప్పు తెచ్చి తుపాకులు కొంటున్నది. మనమిచ్చే ప్రతి పైసా ఆ అప్పును తగ్గిస్తది” అని చప్పట్ల కోసం ఆగాడు.

ఎవరూ కొట్టలేదు. చేతులన్నీ కుంచెల మీదే ఉన్నాయి. వీళ్లకు కోపమొచ్చిందనుకుని రాజయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“షెడ్డు ఆగిందని మీ మనసుల ఉండొచ్చు. ఆగింది గాని పోలే.” మళ్లీ ఆగాడు. పోగుల మీద కుంచెలు గీసుకుంటున్న చప్పుడే వినిపించింది. “ఫికర్ చెయ్యకుండ్రి. యుద్ధం కాంగనే మొదటి పని మీదే.”

పక్కింటి కైలాసం అంబదాస్ చెవి దగ్గరికి వంగాడు. “గిట్లనే దువ్వుకుంట పోతె మేడ కట్టిచ్చేటట్టున్నడు.”

“నవ్వియ్యకు, పోగు తెగుతది.”

రాజయ్య గొంతు పెంచాడు. “మీయి మగ్గాలు కావు, తుపాకులు. మీరు నేసిన బట్ట సిపాయి ఒంటి మీదికి పోతది.”

ఆ తర్వాత పంతులు నర్మదను పిలిచాడు. ఆమె కాగితం పట్టుకుని స్వాగతం చదివింది, సిపాయిల ధైర్యం గురించి చదివింది. చివరి మాట దగ్గర ఆగింది. పడుగుకు అవతల తల్లి కుంచె ఆపకుండానే, చదువన్నట్టు తలూపింది.

నర్మద కాగితం మడిచింది.

“మగ్గాలు తుపాకులన్నరు గదా సార్. తుపాకి తడవద్దు గదా.”

మైకులో కూడా సరిగా వినపడలేదు. “ఏమన్నవ్ బిడ్డా? మళ్లొక్కసారి అను” అన్నాడు రాజయ్య.

ఒకసారి అనడానికి కూడగట్టుకున్న ధైర్యం అయిపోయింది. అయినా ఆమె కళ్లు దించుకుని మళ్లీ అంది, ఈసారి గట్టిగానే. “తుపాకి తడవద్దు గద సార్. మా అవ్వ మగ్గం గుంతల వానకాలమంత నీళ్లే.”

కైలాసం పకపకా నవ్వాడు. ఆ నవ్వు పడుగు వెంట ఆ చివరిదాకా పోయింది, ఒక్క చెయ్యీ ఆగలేదు. పంతులు మాత్రం చెమటలు తుడుచుకున్నాడు.

రాజయ్య కూడా నవ్వేశాడు. “అయితె షెడ్డు కట్టాల్సిందే అంటవ్?”

“గోడలు నడుమెత్తుల్నే ఉండనియ్యుండ్రి. ఆ పైసలు సిపాయిలకియ్యుండ్రి. గుంజలు పాతి పైన రేకులేస్తె సాలు సార్.”

రాజయ్య పక్కనున్న గుమాస్తాతో, “వానలకు ముందు రేకులు. రాసుకో” అన్నాడు.

జీపు వెనక్కి తిరిగిపోయింది. పడుగు ఆరాక అందరూ కుంచెలు పక్కన పెట్టి, నొప్పి పుట్టిన భుజాలు ఒత్తుకున్నారు. “నీకు గన్ని మాటలు ఎప్పుడొచ్చినయే?” అని తల్లి అడిగితే నర్మద ఇంట్లోకి పారిపోయింది.

రేకులు జ్యేష్ఠంలో వచ్చాయి. ఆ వానాకాలం గాలి కొట్టినప్పుడల్లా నడుమెత్తు గోడల మీదుగా జల్లు పడుతుండేది, అటువైపు గోనెపట్టాలు కట్టుకున్నారు. బాలలక్ష్మి మాత్రం షెడ్డుకు మారిన మగ్గం కింద పొడి గుంతలో కాళ్లు పెట్టుకుని నేసింది.