ముఖం కాగితాలు

శాలిబండలో మాది కాగితాల దుకాణం. సిరా పీల్చే అద్దుడు కాగితం కట్ట కట్టేటప్పుడు పైనా కిందా నాలుగేసి నున్నటి తెల్ల కాగితాలు పెట్టడం మా నాన్న నాటి పద్ధతి. కొనేవాడి కన్ను ముందు వాటి మీదే పడుతుంది. ముఖం కాగితాలంటాం. ఇరవై ఏళ్లుగా వాటివల్ల లాభమే తప్ప నష్టం చూడలేదు, 1986 దాకా.

ఆ ఏడు పక్క గల్లీ దస్తగీర్ కూతురు సురయ్యా వచ్చి దిగాలుగా బల్ల మీద కూర్చుంది. ఆమె ఒక పరిశోధనశాలలో క్యాన్సర్ రోగుల రక్తం తీసుకుని, జన్యువు ఎక్కడ మారిందో చూస్తుంది. ఆ పనికి వాడే ఫారిన్ కాగితం రాక ఆలస్యమై, మూణ్నెల్లుగా నా దగ్గరే కట్టలు కొంటోంది.

"మళ్ల ఖరాబైంది చాచా. ఫిల్మ్ మీద గీతలు కనబడతలేవు. ఒకాయన జబ్బు ఏందో మైక్రోస్కోప్‌ల తేలలే. ఆయన శాంపిల్ ఇంకొక్కసారికే మిగిలింది. ఈసారి రాకపోతే ఈ పద్ధతే బంద్ అన్నడు మా సారు."

"నా కాగితంతోటి జబ్బెట్ల తెలుస్తది బేటా?"

"కింద ఉప్పునీళ్లు, దాని మీద జన్యువు ముక్కలున్న జెల్లు, జెల్లు మీద పలచటి పొర, ఆపైన నీ కట్ట. కాగితం నీళ్లు గుంజుతది. నీళ్లతోటి ఆ ముక్కలు పైకెక్కి పొరకు అంటుకుంటయి. ఆ పొర మీద ఫిల్మ్ పెడితే గీతలు పడతయి."

"కట్టను ఎట్ల పెడతవు?"

"దారం తెంపి అట్లనే. తెల్లటియి పొరకు తాకుతయి. సాఫ్‌గుంటయి గద."

కాగితం పీలుస్తుందో లేదో చూడాలంటే మేం నాలుకకు తాకిస్తాం. ముఖం కాగితం తాకించాను. అంటుకోలేదు. దానికి గంజి పట్టించి ఉంటుంది, నీళ్లు ఎక్కవు. లోపలి కాగితం తాకించగానే పట్టుకుంది.

ఒక్క క్షణం లెక్క వేసుకున్నాను. చెబితే నా పేరు పోతుంది. చెప్పకపోతే ఎవరిదో మిగిలిన ఒక్క చుక్కా పోతుంది. చెప్పాను.

"మూడు నెలల సంది నా పని పాడుచేసింది నువ్వా చాచా?"

"నేనే. తిడితే తిట్టు. ముందుగాల నాలుక బయటపెట్టు."

ఆమెకు నవ్వాగలేదు. "మా సారు చూస్తే పిచ్చి లేసిందంటడు."

ఎంగిలి కాగితం పరిశోధనశాల లోపలికి రానివ్వనంది. అందుకని ప్రతి కాగితానికీ మూల కత్తిరించి, ఆ ముక్కనే తాకించి చూశాం. ఒక్క కట్ట ఎంచేసరికి ఇద్దరికీ నోరు ఎండిపోయింది.

వారం తర్వాత ఆమె ఫిల్మ్ తెచ్చి వెలుగుకు పట్టింది.

"ఈ గీత అందరికీ ఉంటది. గిది ఆయనకే ఉన్నది. జబ్బు దొరికింది చాచా. డాక్టర్ మందు మొదలువెట్టిండు."

నాకు రెండూ బొగ్గు గీతల్లాగే ఉన్నాయి. అయినా చాలాసేపు చూశాను.

అప్పటినుంచి ఏ కట్టకూ ముఖం కాగితాలు పెట్టలేదు. బడులకు సరుకు వేసే శివయ్య కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది వైకుంఠం, మాల్ నాసిగైంది?"

"నాలుకకు తాకించి చూడన్నా."

చూశాడు. కాగితాన్ని పెదవి మీంచి ఊడదీసుకుని, ఇంకో రెండు కట్టలు కట్టమన్నాడు.